వంటగట్టు వెనక గోడకు టైలు ఎలా ఎంచుకోవాలి?

మా మొదటి ఫ్లాట్‌లో వంటింటి పని పూర్తయిన వారానికి అత్తయ్య కడప నుంచి బెంగళూరు వచ్చారు. బ్యాగు కింద పెట్టి వంటింట్లోకి వెళ్లి, తడిగుడ్డ తీసుకుని స్టవ్ వెనక గోడ తుడవడం మొదలుపెట్టారు. ఎంత తుడిచినా పోలేదు. అది జిడ్డు కాదు, టైలు రంగే. షోరూంలో వెన్నలా కనిపించిన ఐవరీ టైలు, నీలిచాయ తెలుపు కబోర్డుల పక్కకు వచ్చేసరికి ఏడాదిగా పోపు పొగ తిన్న గోడలా మారిపోయింది. టైలులో లోపం లేదు, కబోర్డుల్లోనూ లేదు. ఆ రెండింటినీ ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూడకుండా కొన్నాం. ఆ తర్వాత రెండో ఇంటికీ, చెల్లెలి ఇంటికీ, మా అపార్ట్‌మెంట్‌లో మరో ఇద్దరి ఇళ్లకూ ఈ గోడ పని దగ్గరుండి చూశాను. మీ చేతి డబ్బు మీ వంటింటి గోడ మీద వృథా కాకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఏది, తర్వాత ఏది

గట్టు మీద నుంచి పై కబోర్డుల అడుగు దాకా ఉండే గోడ పట్టీని ఇంటీరియర్ వాళ్లు బ్యాక్‌స్ప్లాష్ అంటారు. బిల్డర్లు, మేస్త్రీలు డాడో అంటారు. షాపులో కిచెన్ డాడో టైల్స్ అని అడిగితే నేరుగా ఆ అరల దగ్గరికే తీసుకెళ్తారు.

ఎంచుకునే వరుస ఇది: మొదట గట్టు రాయి, తర్వాత కబోర్డుల రంగు, ఆఖరున గోడ. గ్రానైట్‌లో మనకు నచ్చి, దొరికి, బడ్జెట్‌లో పట్టే రాళ్లు కొన్నే ఉంటాయి. కబోర్డుల మీద అతికించే లామినేట్ షీట్ల షేడ్లు వందల్లో ఉంటాయి. టైళ్లకైతే అంతే లేదు. కాబట్టి ఎంపిక తక్కువున్నది ముందు తేల్చుకోవాలి, ఎక్కువున్నదాన్ని దానికి సర్దాలి. చాలామంది ఫోన్లో చూసిన టైలు మీద మనసు పడి, దానికి తగ్గ రాయి కోసం బెంగళూరు పక్కన జిగణి గ్రానైట్ యార్డులన్నీ తిరుగుతారు. తిరగడమే మిగులుతుంది.

బిల్డర్ ఇచ్చిన ఫ్లాటే అయితే గట్టు ఇప్పటికే ఉంటుంది. ఎక్కువగా నల్ల గ్రానైటే ఇస్తారు. అప్పుడు మీ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

టేపు పట్టుకుని మొదలుపెట్టండి

గట్టు పైనుంచి పై కబోర్డు అడుగు దాకా ఎత్తు కొలవండి. మన దగ్గర సాధారణంగా 24 అంగుళాలు వదులుతారు. ఇక్కడొక చిన్న చిక్కుంది. అది తెలియక నష్టపోయినవాళ్లను చూశాను. ఒకటి బై రెండు అడుగులని అమ్మే టైలు నిజానికి 300 బై 600 మిల్లీమీటర్లు. 24 అంగుళాలంటే దాదాపు 610 మిల్లీమీటర్లు. నిలువుగా ఒకే టైలుతో ఎత్తంతా కప్పేద్దామనుకుంటే పైన సెంటీమీటరు గోడ బయటపడుతుంది. దాన్ని మూయడానికి మేస్త్రీ వేలెడు వెడల్పు పట్టీ కోసి అతికిస్తాడు. ఇల్లున్నంత కాలం ఆ పట్టీ కంట్లో నలుసులా ఉంటుంది. పై కబోర్డులు ఇంకా బిగించకపోతే కార్పెంటర్‌కు చెప్పి వాటిని ఒకటిన్నర సెంటీమీటరు కిందికి దించమనండి. టైలు అంచు కబోర్డు వెనక దాక్కుంటుంది, కోత పనే ఉండదు.

పొడవును ఎత్తుతో గుణిస్తే చదరపు అడుగులు వస్తాయి. 12 అడుగుల గట్టుకు 2 అడుగుల ఎత్తంటే 24. కోతకు, పగుళ్లకు పది శాతం కలపండి. ఎల్ ఆకారం గట్టయితే ఇంకాస్త ఎక్కువే కలపండి, మూల దగ్గర ముక్కలు ఎక్కువ పోతాయి.

స్టవ్ వెనక భాగం వేరే కొలవండి. అక్కడ పై కబోర్డు ఉండదు, చిమ్నీ ఉంటుంది. స్టవ్‌కు చిమ్నీకి మధ్య 26 నుంచి 30 అంగుళాలు వస్తుంది. మీ చిమ్నీతో వచ్చిన పుస్తకంలో ఎంతుందో అదే పాటించండి. రెండడుగుల దగ్గర టైలు ఆపేస్తే చిమ్నీ కింద పెయింటు గోడ బయటపడి, మొదటి నెలలోనే నూనె చుక్కలు పడతాయి. ఆ భాగం వరకు టైలును చిమ్నీ దాకా, వీలైతే సీలింగ్ దాకా లాగండి.

మీ గోడకు వెలుతురు ఎటు నుంచి వస్తోంది?

మనవాళ్లలో చాలామంది తూర్పు ముఖంగా నిలబడి వండేలా గట్టు వేయించుకుంటారు. కిటికీ కూడా తరచూ ఆ గోడకే ఉంటుంది. కిటికీ ఉన్న గోడ మీద ఆ కిటికీ వెలుతురు పడదు. కళ్లల్లోకి వెలుగు కొడుతుంది, గోడ మాత్రం నీడలోనే ఉంటుంది. పైగా కబోర్డులు దాని మీదికి ముందుకొచ్చి ఉంటాయి. బెంగళూరు ఫ్లాట్లలో వంటింటి కిటికీ యుటిలిటీలోకి, అంటే బట్టలుతికే చిన్న బాల్కనీలోకి తెరుచుకోవడం మామూలే, అక్కడ ఆరేసిన బట్టలు దాటుకుని వచ్చేదే వెలుతురు. అందుకే షోరూం లైట్ల కింద చూసిన బూడిద రంగు ఇంట్లో సిమెంటు రంగు అవుతుంది.

మీ గోడ ఇలా నీడలో ఉంటే, నచ్చిన రంగులో ఒక మెట్టు లేతది తీసుకోండి. ముదురు పచ్చ, నేవీ బ్లూ లాంటివి ఎదురు గోడ నుంచి పగటి వెలుగు నేరుగా పడే వంటిళ్లకు బాగుంటాయి.

రాత్రి వెలుతురు ఇంకో లెక్క. బల్బు వెలుగు చాయను కెల్విన్లలో చెప్తారు, డబ్బా మీద ఉంటుంది. 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కింద తెలుపు నీలంగా తేలుతుంది, 3000 కెల్విన్ బల్బు కింద అదే తెలుపు పసుపు పట్టినట్టుంటుంది. నా ఓటు 4000కి. దాని కింద టైలూ కబోర్డూ వాటి అసలు రంగుకు దగ్గరగా కనిపిస్తాయి, కూరలో కారం ఎంత పడిందో కూడా తెలుస్తుంది.

ముక్కలు ఇంటికి తెచ్చుకోండి

ఈ ఒక్క పని చేస్తే మిగతావన్నీ సగం తేలికవుతాయి. చీర కొనేటప్పుడు దుకాణం లైట్లో చూసి ఊరుకోం కదా. గుమ్మం దాకా తెచ్చి ఎండలో ఒకసారి చూస్తాం. జాకెట్టు గుడ్డ కొనాలంటే చీర చేతిలో పట్టుకునే మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్తాం. వేలు పోసి కొనే చీరకు చేసేది, లక్షలు పోసే వంటింటికి ఎందుకు చేయం?

గ్రానైట్ కోసేటప్పుడు సింకు కోసం తీసిన ముక్క మిగులుతుంది. దాన్ని పారేయనివ్వకండి. కబోర్డు లామినేట్‌ది అరచేతంత శాంపిల్ ముక్క అడిగి తీసుకోండి. ఈ రెండూ సంచిలో వేసుకునే టైల్స్ షాపుకు వెళ్లండి. నచ్చినవాటిలో మూడు రకాలు, ఒక్కో టైలు చొప్పున డబ్బిచ్చి అయినా ఇంటికి తెచ్చుకోండి.

ఇంట్లో రాయిని గట్టున్న చోట పడుకోబెట్టండి, టైలును గోడకు నిలబెట్టండి, లామినేట్‌ను టైలు పైన పట్టుకోండి. రాయి అడ్డంగా, టైలు నిలువుగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే అన్నీ నేల మీద పరిచి చూస్తే అన్నిటి మీదా వెలుగు ఒకేలా పడి మోసం చేస్తుంది. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక, మూడుసార్లు చూడండి.

తెలుపుల విషయంలో ఒక చిట్కా. ఏ4 తెల్ల కాగితం టైలు పక్కన పెట్టండి. విడిగా తెల్లగా కనిపించిన టైలు కాగితం పక్కన తన లోపలి చాయ బయటపెడుతుంది. ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి నీలం. లామినేట్‌కూ ఇదే పరీక్ష చేయండి. రెండింటి చాయా ఒకే వైపు ఉంటే కలుస్తాయి. ఒకటి నీలం వైపు, ఒకటి పసుపు వైపు ఉంటే ఏది పసుపో అది మురికిగా కనిపిస్తుంది. మా అత్తయ్య తుడిచింది ఆ మురికినే.

ముగ్గురిలో ఒక్కరే మాట్లాడాలి

గట్టు, కబోర్డులు, గోడ. ఈ మూడింట్లో ఒక్కదానికే డిజైన్ ఉండాలి, మిగతా రెండూ నిదానంగా ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, వంటింట్లో రెండు డిజైన్లూ అంతే.

చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ వేయించుకున్నారనుకోండి. నలుపులో బంగారు చుక్కలు, దానికదే ఓ ఆకాశం. దాని వెనక మొరాకన్ పూల టైలు వేస్తే చుక్కలూ పూలూ కలిసి ఏదీ కంటికి ఆనదు. పైగా మెరుగు పట్టిన నల్లరాయి అద్దంతో సమానం, గోడ మీది పూలన్నీ గట్టులో తలకిందులుగా మళ్లీ కనిపిస్తాయి. డిజైన్ రెట్టింపవుతుంది. దీనికి సాదా టైలే సరి. రాయిలోని ఆ బంగారు చుక్క రంగునే కాస్త లేతగా తీసుకుంటే, అంటే వెచ్చటి లేత గోధుమ చాయ, గోడా గట్టూ ఒకే ఇంటివనిపిస్తాయి.

కరీంనగర్ టాన్ బ్రౌన్ గట్టు, టేకు గీతల లామినేట్ కలిసిన వంటిళ్లు మన తెలుగిళ్లలో చాలా చూస్తాం. అక్కడ రాయికీ డిజైనుంది, చెక్కకూ ఉంది. గోడ పూర్తిగా మౌనంగా ఉండాలి: గీతల్లేని క్రీమ్ లేదా ఐవరీ. రాయిలా కనిపించే ప్రింటు టైలు మాత్రం వద్దు. నిజం రాయి పక్కన ప్రింటు రాయి వెంటనే తేలిపోతుంది.

తెల్ల కబోర్డులు, సాదా జెట్ బ్లాక్ గట్టు ఉంటే మీరు అదృష్టవంతులు. గోడకు స్వేచ్ఛ మొత్తం మీదే. పూల టైలు మీద మోజుంటే తీర్చుకోవాల్సింది ఇక్కడే. అయితే గోడంతా కాకుండా స్టవ్ వెనక మూడడుగులకే పరిమితం చేసి, మిగతాది ఆ పూల వెనకుండే బ్యాక్‌గ్రౌండ్ రంగులో సాదాగా వేయించండి. ఇలాంటి చోట పాలతెలుపు టైలు వేస్తే మాత్రం ఆసుపత్రి గది వాసన వస్తుంది. లేత బూడిద, లేత పిస్తా, మట్టి చాయలు ప్రయత్నించండి.

కింద ముదురు, పైన లేత రంగు కబోర్డులు పెట్టించుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. గోడను పైవాటితో కలపండి. నిలబడినప్పుడు కళ్ల ఎదురుగా గోడతో పాటు కనిపించేవి అవే. అక్రిలిక్ మెరుపు తలుపులుంటే గోడకు మెరుపు తగ్గించండి, లేకపోతే సాయంత్రం లైటు వేస్తే ఎటు చూసినా ప్రతిబింబాలే. ఫ్యాక్టరీలో చేసే తెల్ల క్వార్ట్జ్ పలక మీద బూడిద రంగు చారలున్న గట్టుకైతే, చార లేని సాదా టైలు.

పోపు తట్టుకునే గోడ

అందం తర్వాత మన వంట సంగతి. ఆవాలు చిటపటలాడితే నూనె ఎగురుతుంది. కుక్కర్ మూడో విజిల్‌కు పప్పు నురగ గోడకు కొడుతుంది. చేపల పులుసు ఉడికేటప్పుడు చింతపండు రసం చిమ్ముతుంది. ఈ మూడూ, అంటే నూనె, పసుపు, పులుపు, తట్టుకోలేని గోడ మనకు గోడ కాదు.

పైన గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉన్న సెరామిక్ టైలు గానీ, ఇంకా ఎక్కువ వేడికి కాల్చి గట్టిపరిచిన విట్రిఫైడ్ టైలు గానీ చాలు. గోడకు విట్రిఫైడే కావాలని పట్టుబట్టక్కర్లేదు. దాని బలం నేల మీద అవసరం. గోడ మీద పని చేసేది పైనున్న గ్లేజు, అది సెరామిక్ మీదా ఉంటుంది. మెరుపు లేని మ్యాట్ టైళ్లలో రెండు రకాలున్నాయి. వేలు జారితే నున్నగా ఉండేది మంచిదే. గరుకుగా తగిలేది జిడ్డు పట్టేస్తుంది. గోరుతో గీకి చూడండి. ఇటుకలా, రాతిపలకలా ఎత్తుపల్లాలున్న టైళ్లు ఫొటోల్లో ఎంతో బాగుంటాయి, కానీ ప్రతి గుంతలోనూ నూనె పేరుకుంటుంది. స్టవ్ వెనక వాటికి చోటు లేదని నా గట్టి అభిప్రాయం.

పాలరాయి వద్దు. అది సున్నపు జాతి రాయి, నిమ్మకాయ చుక్క పడితే మెరుపు తినేస్తుంది. చెట్టినాడు ఆత్తంగుడి టైళ్లంటే నాకు ప్రాణం, కానీ అవి చేత్తో చేసిన సిమెంటు పలకలు, నూనెను పీల్చుకుంటాయి. ఆ డిజైన్ మీద మనసుంటే డైనింగ్ వైపు గోడకు వేయించుకోండి, స్టవ్ వెనక అదే ప్రింటున్న సెరామిక్ పెట్టండి.

అద్దం పలక, అంటే వెనక రంగు వేసిన గాజు, అతుకు లేకుండా ఒక్క తుడుపుకు శుభ్రమవుతుంది. వేయిస్తే టఫెన్డ్ గాజే, అంటే వేడి చేసి గట్టిపరిచినదే వేయించండి, మామూలుది స్టవ్ వేడికి పగులుతుంది. టఫెన్డ్ చేశాక గాజును కోయలేరు. స్విచ్‌బోర్డుల కొలతలు ముందే మిల్లీమీటరుతో సహా ఇచ్చి, రంధ్రాలు ముందే వేయించాలి. ప్లాస్టిక్ స్టిక్కర్లు, అక్రిలిక్ షీట్లు మాత్రం మంట దగ్గరికి రానివ్వకండి.

సింకు పక్క గోడకు ఇంకో శత్రువుంది, నీళ్లు. బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వాడే అపార్ట్‌మెంట్లలో ప్రతి చుక్కా ఆరాక తెల్లటి ఉప్పు మచ్చ మిగులుస్తుంది. నల్లటి మెరుపు టైలు మీద అది ముగ్గుపిండి చల్లినట్టే ఉంటుంది. మీ ఇంటి కుళాయి చుట్టూ తెల్లగా గట్టి పొర కడుతోందంటే ముదురు మెరుపు టైలు మానేయండి.

కొనే ముందు తెచ్చుకున్న శాంపిల్ మీద ఒక పరీక్ష పెట్టండి. చెంచా నూనెలో అరచెంచా పసుపు కలిపి టైలు మీద రాసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున గిన్నెలు తోమే సబ్బుతో తుడవండి. చాయ మిగిలితే ఆ టైలు మీది కాదు.

గ్రౌట్: అసలు కథ ఇక్కడే

వంటింటి గోడ పాడయ్యేది టైలు వల్ల కాదు, టైలుకూ టైలుకూ మధ్య సందు వల్ల. ఆ సందును నింపేదాన్నే గ్రౌట్ అంటారు. మేస్త్రీని అడిగితే "ఏం గాదు మేడం, తెల్ల సిమెంటు పూసేస్తా" అంటాడు. తెల్ల సిమెంటు, మామూలు సిమెంటు గ్రౌట్, రెండూ పీల్చుకునే గుణం ఉన్నవే. ఆర్నెల్లలో స్టవ్ వెనక సందులు పసుపు పచ్చగా, తర్వాత గోధుమగా మారతాయి. సోడా పెట్టి రుద్దితే పసుపు ఇంకా ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అయినట్టే, క్షారం తగిలితే పసుపు గుణం అంతే.

కనీసం స్టవ్ వెనక, సింకు వెనక ఎపాక్సీ గ్రౌట్ వేయించండి, అది రెసిన్‌తో చేసింది, మరకలు పీల్చుకోదు. సిమెంటు గ్రౌట్ కంటే ఖరీదు చాలా ఎక్కువే, కానీ మనది చిన్న గోడ. అది త్వరగా గట్టిపడుతుంది కాబట్టి మేస్త్రీ కొంచెం కొంచెంగా కలుపుకోవాలి, టైలు మీద పడ్డది అప్పటికప్పుడు తుడిచేయాలి. ఆరాక మిగిలిన పొర ఓ పట్టాన పోదు. ఎపాక్సీ ఇంతకుముందు చేశావా అని అడిగి మరీ పని అప్పగించండి.

టైలు సైజు ఎంచుకునేటప్పుడే సందుల లెక్క చూసుకోండి. 12 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు గోడకు మూడు బై ఆరు అంగుళాల సబ్‌వే టైళ్లు 192 పడతాయి. వాటి మధ్య సందులన్నీ కలిపితే దాదాపు 130 అడుగులు. అదే గోడకు ఒకటి బై రెండు అడుగుల టైళ్లు నిలువుగా పెడితే 12 టైళ్లు, 11 సందులు, మొత్తం 22 అడుగులు. వారానికోసారి తుడిచేది మీరే కాబట్టి ఈ లెక్క మీకు చెప్తున్నాను. సబ్‌వే అందం వేరు, కాదనను. రోజూ వేపుళ్లు ఉండే ఇంటికి మాత్రం పెద్ద టైలే హాయి.

గ్రౌట్ రంగు టైలు రంగు కన్నా ఒక మెట్టు ముదురుగా తీసుకోండి. తెల్ల టైలుకు లేత బూడిద. టైలుకు పూర్తి విరుద్ధమైన రంగు పెడితే సందుల గడులే ఒక డిజైనవుతాయి, ముగ్గురిలో ఒక్కరే మాట్లాడాలన్న మాట అక్కడ తప్పుతుంది.

కొనేటప్పుడు, అతికించేటప్పుడు

డబ్బాల మీద షేడ్, బ్యాచ్ నంబర్లు ఉంటాయి. అన్ని డబ్బాలకూ అవి ఒకటేనా అని దించుకునేటప్పుడే చూడండి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి ఇక్కడి షాపులకు ఎంతో సరుకు వస్తుంది. ఒకే డిజైన్ మరో బ్యాచ్‌లో చిన్న తేడాతో రావచ్చు. గోడ మీదికెక్కాక ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

స్విచ్‌బోర్డుల పెట్టెలు టైళ్లకు ముందే గోడలో కూర్చోవాలి. మిక్సీ, ఓవెన్, కెటిల్ ఎక్కడ పెడతారో నిలబడి చూపించండి. వీలైతే బోర్డు ఒక టైలు మధ్యలోనో, సరిగ్గా సందు మీదో వచ్చేలా చూడండి. పాత టైలు మీదే కొత్తది అతికించాలనుకుంటే టైల్ అడ్హెసివ్ (మేస్త్రీలు గమ్ అంటారు) వాడి చేయొచ్చు. పాత టైలును వేలి కణుపుతో కొడుతూ పోండి, డొల్ల శబ్దం వచ్చినవి తీసేయాల్సిందే. గోడ మందం సెంటీమీటరు పైనే పెరుగుతుంది కాబట్టి బోర్డులు ముందుకు జరపాలి.

టైలు గట్టు మీద కూర్చోవాలి, గట్టు వెనక్కి దిగకూడదు. రెండింటికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి ఆ సందును గ్రౌట్‌తో కాకుండా సిలికాన్‌తో మూయించండి. రాయి కొంచెం కదిలినా గ్రౌట్ చీలుతుంది, ఆ చీలికలోంచి నీళ్లు కింది కబోర్డు ప్లైలోకి దిగుతాయి.

పై కబోర్డు కింద స్ట్రిప్ లైటు పెట్టాలనుకుంటే మసక కవరున్న ప్రొఫైల్, అంటే లైటు కూర్చునే సన్నటి పట్టీ, తీసుకోండి. లేకపోతే మెరుపు టైలులో ఒక్కో ఎల్ఈడీ చుక్కా విడిగా కనిపిస్తుంది. ఆ లైటు గోడను రాసుకుంటూ పడుతుంది కాబట్టి టైలు అర మిల్లీమీటరు ఎత్తు తేడా ఉన్నా నీడ వేస్తుంది. టైళ్లు ఆరకముందే మేస్త్రీ ఎదుటే ఫోన్ టార్చి గోడకు ఆనించి వెలిగించి చూడండి. అప్పుడైతే నొక్కి సరిచేస్తాడు.

మిగిలిన టైళ్లలో నాలుగైదు లాఫ్ట్‌లో దాచండి. డబ్బా మీది షేడ్, బ్యాచ్ నంబరున్న అట్ట ముక్క చించి వాటితో పాటే పెట్టండి. గ్రౌట్ రంగు పేరు కూడా ఆ అట్ట మీదే పెన్నుతో రాయండి. రేపు చిమ్నీ మార్చినా, సాకెట్ జరిపినా, ప్లంబర్ కుళాయి కోసం గోడ పగలగొట్టినా అవే కావాలి.